తుఫాను వాటా

నూరుపంట్ల విద్యుత్ సంఘం, పని చిట్టా.
రాస్తున్నది: యాళ్ల భూలోకరావు, పంటు నంబరు 31. వయసు నలభై ఐదు. చదువు పదో తరగతి. ఆపైన నేర్చుకున్నదంతా కరెంటు పెట్టెల తలుపులకు లోపలివైపు అతికించి ఉండే బొమ్మల నుంచి.

నమోదు 1. గడువుకు 26 రోజులు.

ఉదయం పనులు ఎప్పటిలాగే జరిగాయి. నీళ్ల మీద తేలే మా ఇనప పంటు నాలుగు మూలలా మట్టం చూశాను. ఈశాన్యం మూల అర అంగుళం దిగి ఉంది. బియ్యం బస్తాను నైరుతికి జరిపితే సర్దుకుంది. లంగరు గొలుసుకు పట్టిన ఆల్చిప్పలు గీకాను. మంచినీళ్ల తొట్టెలో పన్నెండు గీతల నీరుంది. పదకొండని మా ఆవిడ మాణిక్యంతో చెప్పాను.

ఇది అబద్ధం కిందకు రాదు. దీన్ని మా ఊళ్లో తుఫాను వాటా అంటారు. తొట్టెలోగాని, డబ్బాలోగాని, అరలోగాని ఆఖరి ఒకటిని లేనట్టే భావించి బతకాలి. నేల మునిగిన ఏడాది ఇనప పంట్లను ఒకదానికొకటి కట్టుకుని సముద్రం మీద కాపురం పెట్టిన మా తాతలు నేర్పిన జాగ్రత్త ఇది. దీన్ని ఎవరూ ఎవరికీ చెప్పరు. చెబితే అది వాటా కాదు.

ఎనిమిది గంటలకు సంఘం అధ్యక్షులు కొల్లు వీరభద్రం గారు కబురు పంపారు. వెళ్లేసరికి ఆయన రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని ఉన్నారు.

"ఏవయ్యా భూలోకం, ఆ రెండిట్నీ కలిపెయ్యాలయ్యా."

"ఏ రెండింటినండి?"

"స్టోరు పట్టికనీ, ఆ హిమజమ్మ బొమ్మలు గీసే యంత్రాన్నీ. ఆ అమ్మాయి ఓ బొమ్మ గీత్తాది. కిటికీలోంచి అరిచి సామానడుగుతాది. రత్నమ్మ లేదని అరుత్తాది. ఈవిడ మళ్లీ గీత్తాది, ఆవిడ మళ్లీ లేదంటాది. మజ్జిలో నా గదయ్యా!"

స్టోరు పట్టిక అంటే సంఘంవారి విడిభాగాల డేటాబేస్. అందులో నలభై ఒక్క వేల మూడు వందల ఆరు వరసలున్నాయి. దాన్ని ముప్ఫై ఏళ్లుగా నింపుతున్నది స్టోరు కీపరు నూకరత్నం గారు. బొమ్మలు గీసేది 'గీత' అనే ప్రోగ్రాం. దాని ముందు కూర్చునేది డిజైన్ ఇంజనీరు హిమజ. ఏ పెట్టెలో ఏ తీగ ఎక్కడికి పోవాలో గీతకు తెలుసు. ఏ అరలో ఏముందో పట్టికకు తెలుసు. రెండూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండి ఒకదాని ముఖం ఒకటి చూసుకోలేదు.

ఒడ్డు నుంచి చదువుకున్నవారిని పిలిపించవచ్చు కదా అని అడిగాను.

"ఒడ్డోళ్లొచ్చి రత్నమ్మ రాత చదవడం నేర్చుకునేసరికి రెండు తుఫాన్లెల్లిపోతాయి. ఇరవయ్యారు రోజులే ఉంది. నువ్వే చెయ్యి."

ఇరవై ఆరు రోజులకు ఎందుకంత ప్రాముఖ్యమో రాయాలి. బయటి వరసలో 67 నుంచి 100 వరకు ముప్ఫై నాలుగు పంట్లున్నాయి. అల లేచినప్పుడు లంగరు గొలుసును వదలాలి, దిగినప్పుడు లాగాలి. లేకపోతే పంటు మునగనైనా మునుగుతుంది, తెగిపోనైనా పోతుంది. ఇన్నాళ్లూ గొలుసు చుట్టే చక్రాలను చేత్తో తిప్పారు. నిరుడు ముగ్గురికి చేతులు విరిగాక రేవు అధికారులు ఉత్తర్వు పంపారు: ఆ వరసలో ప్రతి పంటుకూ గొలుసును తనంత తానే వదిలి లాగే కరెంటు పెట్టె ఉండాలి. గడువు నాటికి పెట్టె లేని పంటును లాగుపడవలు ఒడ్డుకు తీసుకుపోతాయి. ఖాళీ అయిన లంగరు చోటు, దాని కోసం వరసలో ఎదురుచూస్తున్న మరొకరికి పోతుంది. అంటే వెళ్లినవారికి తిరిగి రావడమంటూ ఉండదు.

నూకరత్నం గారి ఇల్లు 96వ పంటు.

నమోదు 2. గడువుకు 24 రోజులు.

చేయవలసిన పనులు ఏడని తేల్చి కాగితం మీద వేసుకున్నాను. మొదటిది పట్టికలోని ప్రతి గడికీ గీతలో దాని జోడీని కనిపెట్టడం. దానికే రెండు రోజులు పట్టింది, ఎందుకంటే నూకరత్నం గారు వస్తువులను కంపెనీ పేర్లతో రాయలేదు.

మాకు కావలసిన ముఖ్యమైన భాగం కాంటాక్టరు. చిన్న కరెంటు ఇస్తే టక్కుమని మూసుకుని పెద్ద కరెంటును మోటారుకు వదిలే స్విచ్చి అది. పెట్టెకు రెండు కావాలి, గొలుసు వదలడానికొకటి, లాగడానికొకటి. పట్టికంతా వెతికితే కాంటాక్టరు అన్న మాటే లేదు.

"అదెందుకుంటాదండీ? 'టక్కుమనేది' అని ఉంటాది, చూడండి," అన్నారు నూకరత్నం గారు. అరవై ఒకటేళ్ల మనిషి. నడుముకు ఎనిమిది తాళాల గుత్తి, చంకలో ఓ బాతు. మిగిలిన పదమూడూ స్టోరు మెట్ల మీద కూర్చుని ఉన్నాయి. తనకు పద్నాలుగు బాతులున్నాయని ఆమే చెప్పారు.

చూశాను. 'టక్కుమనేది, పెద్దది.' 'పెద్ద టక్కు.' 'టక్కు, మంచిది.' 'టక్కుమనేదాని తమ్ముడు.' 'వెంకాయమ్మ గారు పాత ఫ్రిజ్జు తీసేసినప్పుడు ఇచ్చిన టక్కు.' ఎనిమిది వరసలు, ఎనిమిది పేర్లు, ఎనిమిది అరలు. మా ఊళ్లో ఏ సరుకూ ఒకే పంటు మీద ఉంచరు గనుక ప్రతి వస్తువూ ఎనిమిది స్టోరు పంట్లలో పంచి ఉంటుంది.

"పిన్నిగారూ, తమ్ముడికీ అన్నకీ తేడా ఏమిటండి?"

"తమ్ముడు ఆర్నెల్ల తరవాతొచ్చాడు బాబూ."

ఎనిమిదింటికీ ఒకే సంకేతం ఇచ్చాను. ఆమె చాలాసేపు నా కాగితాన్ని చూశారు.

"ఇదంతా అందులోకెక్కించేసేక ఇంక నేనెందుకు?"

"అర ఎక్కడుందో అది చెబుతుంది. తాళం మీ దగ్గరే కదండీ ఉండేది."

"తాళానిదేముంది, గోడ మేకుకి తగిలిత్తే అదే ఉంటాది," అని బాతును దించి లోపలికి వెళ్లారు.

ఏడో పని, అరలలోని సరుకును స్వయంగా లెక్కపెట్టడం. ఆ మాట ఎత్తగానే ఆమె ముఖం మారింది. "ముప్ఫై ఏళ్ల నా రాత మీద నమ్మకం లేదాండీ?" నమ్మకం ఉందని చెప్పి, ఆమె ఎదుటే ఏడో పనిని కొట్టేశాను. నా జీవితంలో పూర్తి చేయకుండా కొట్టేసిన పని ఇది మొదటిది. పేజీ చూసినప్పుడల్లా కన్ను అక్కడే ఆగుతోంది.

నమోదు 3. గడువుకు 20 రోజులు.

కలిసింది!

మొదటి ప్రయత్నం ఉదయం తొమ్మిదింటికి. హిమజ తెర మీద ఒక మోటారు గుర్తు పెట్టగా గీత దానికి 'కుక్కరు మూత, పిడి విరిగినది' అని సరుకు కేటాయించింది. ఒక గడి పక్కకు జరిగింది. దిద్దాను. రెండో ప్రయత్నంలో దీపానికి దీపమే వచ్చింది. మూడో ప్రయత్నంలో ఆమె ఒక కాంటాక్టరు గుర్తు పెట్టగానే పక్కన అర నంబరు, పంటు నంబరు, మిగిలిన సంఖ్య వరసగా వెలిగాయి.

"భూలోకరావు గారూ, అరవకుండానే వచ్చేసిందండీ!" అని హిమజ అరిచింది. అవతలి గదిలో వీరభద్రం గారు చెవుల్లో దూది తీసి కిటికీలోంచి పారేశారు. నాచు పకోడీలు తెప్పించారు.

రికార్డు కోసం రాస్తున్నాను: రెంటినీ కలిపే ప్రోగ్రాం నేను రాసినది రెండు వందల పన్నెండు పంక్తులు. పద్నాలుగో పంక్తిలో, ప్రతి అరలోనూ ఒకటి తగ్గించి చూపమని పెట్టాను. ఏ అరలోనైనా ఒక సరుకు పాడై ఉండడం సహజం. ఇది ఏ జాగ్రత్తపరుడైనా చేసే పని. దీన్ని ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనవసరం లేదనుకున్నాను.

వీరభద్రం గారు సంఘం గోడ మీద ప్రకటన అంటించారు. 'ఇకపై సరుకు లెక్క ఖచ్చితం. బాధ్యుడు: యాళ్ల భూలోకరావు.' దాన్ని నేను మూడుసార్లు చదివాను. ఒకసారి చాలు, కానీ మూడుసార్లు చదివాను.

నమోదు 4. గడువుకు 19 రోజులు.

హిమజ ముప్ఫై నాలుగు పెట్టెల బొమ్మనూ పూర్తి చేసి గీతకు అప్పగించింది. గీత పంట్ల నంబర్ల వరసలో సరుకు కేటాయించుకుంటూ పోయింది. 67, 68, 69. అన్నిటికీ పచ్చ గుర్తు పడుతూ వచ్చింది. 89 దగ్గర ఆగింది. 90 నుంచి 100 వరకు ఎర్ర గుర్తులు.

కావలసిన కాంటాక్టర్లు అరవై ఎనిమిది. చూపినవి నలభై ఏడు. పెట్టెలు ఇరవై మూడే అవుతాయి. తీగలు, ఫ్యూజులు, రిలేలు, బిగింపు కడ్డీలు అన్నీ చాలినన్ని ఉన్నాయి, కొరత దీనికొక్కదానికే.

ఒడ్డుకు తంతి పంపాము. కొత్త కాంటాక్టర్లకు నలభై రోజులు పడుతుందని గంటలో జవాబు వచ్చింది.

"ఈ అమ్మాయి లెక్క తప్పు కాదు కదా?" అన్నారు వీరభద్రం గారు.

"గీత లెక్క తప్పదండీ," అంది హిమజ.

"మరి నీ లెక్కయ్యా?"

"పట్టికలో ఉన్నదే చూపుతుందండి," అన్నాను. ఆ మాట నిజమనే నా నమ్మకం.

నమోదు 5. గడువుకు 18 రోజులు.

పదకొండు పంట్ల జాబితాను సంఘం గోడ మీద నేనే అంటించవలసి వచ్చింది, ఖచ్చితత్వం ప్రకటన పక్కనే. నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. ఈ రోజు ఎవరూ అనలేదు.

నూకరత్నం గారు వచ్చి వేలితో నంబర్లు చదువుకుంటూ 96 దగ్గర ఆగారు. "ఆయ్," అన్నారు. అంతే.

ఆమె వెనకే స్టోరుకు వెళ్లాను. కేటాయింపు వరసను మార్చడం నాకు తెలుసు. నంబర్ల ప్రకారం కాకుండా మరో విధంగా, ఉదాహరణకు సంఘంలో పనిచేసిన ఏళ్ల ప్రకారం ఇవ్వమని ఒక్క పంక్తి రాస్తే చాలు, 96 పచ్చగా మారుతుంది. ఆ సంగతే చెప్పాను.

"మరి నా బదులు ఎర్రగా అయ్యేదెవరండీ?"

"89."

"అప్పలకొండ. ఇంట్లో ఇద్దరు చంటిపిల్లలు. బావుంది. వాళ్లని ఒడ్డుకి లాగేసి నేనూ నా బాతులూ ఇక్కడ కూకుంటాం, మీరొచ్చి గుడ్లట్టుకెళ్దురుగాని." తాళాల గుత్తి బల్ల మీద గట్టిగా పెట్టారు. "ఇంకోపాలి ఇలాంటి మాటనకు బాబూ. నువ్వు జాబితాలు బాగా రాత్తావు, అది చాలు."

ఒడ్డుకు వెళ్లేవారు నింపే రేవు వాళ్ల ఫారంలో జంతువుల సంఖ్య రాయమని గడి ఉంది. ఒడ్డున బాతులకు అనుమతి లేదు, అయినా గడి ఉంది. ఆమె నాచేత పద్నాలుగు అని రాయించారు.

నమోదు 6. గడువుకు 15 రోజులు.

ఇరవై మూడు పెట్టెల పని సాగుతోంది. రోజుకు రెండు తయారవుతున్నాయి; కాంటాక్టర్లు ఆఖరున బిగించేవి గనుక ఇంకా అరల్లోనే ఉన్నాయి.

ఉదయం పదకొండు గంటలకు నూకరత్నం గారు సంఘం గదిలోకి వచ్చి నిలబడ్డారు. బాతు లేదు. చేతిలో, పట్టికలోకి ఎక్కించేముందు ఆమె రాసుకునే స్టోరు పుస్తకం ఉంది.

"90లో ఈరన్న కాకరపాదు పీకేత్తన్నాడండి," అన్నారు. "కాయలు చిన్నవి, ఇంకా వారం ఆగితే కోతకొచ్చేవి. నాకు చూడబుద్ధి కాలేదు." తరవాత వీరభద్రం గారి వంక చూశారు. "అరల్లో పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువుందండి. ప్రతి అరలోనూ గోనెపట్టా ఎనకాల ఒకటుంటాది. ముప్ఫై ఏళ్ల నుంచీ రాయలేదు. తుఫానొత్తే ఉండాలి కదండీ."

హిమజ వేళ్ల మీద లెక్కపెట్టింది. ఎనిమిది అరలు, ఎనిమిది కాంటాక్టర్లు, నాలుగు పెట్టెలు.

"93 దాకా వత్తాది," అన్నారు నూకరత్నం గారు. లెక్క ముందే వేసుకుని వచ్చారు. "ఈరన్నోళ్లూ, ఆ పక్క మూడిళ్లూ ఉండిపోవచ్చు."

"నువ్వు 96 కదే రత్నమ్మా," అన్నారు వీరభద్రం గారు నెమ్మదిగా.

"నా నంబరు నాకు తెలవదేటండీ? ఉద్యోగం తీసేత్తారో ఉంచుతారో తరవాత చూద్దురుగాని, ముందు పడవ తియ్యండి."

నమోదు 7. అదే రోజు, సాయంత్రం నాలుగు గంటలు.

పడవలో ముగ్గురం: తెడ్డు వేస్తూ నూకరత్నం గారు, చేతిపలక మీద గీత తెరిచి పట్టుకుని హిమజ, కొట్టేసిన ఏడో పనిని మళ్లీ రాసుకుని నేను.

మొదటి అర తెరిచాము. గోనెపట్టా తీసి లెక్కపెట్టాను. పది.

"పుస్తకంలో తొమ్మిది రాశాను," అన్నారు నూకరత్నం గారు. "సరిపోయిందా?"

హిమజ పలక చూసింది. "ఇక్కడ ఏడుందండీ."

పుస్తకంలో తొమ్మిది, తెర మీద ఏడు. ఆ రెంటి మధ్య నిలబడి ఉన్నది నా ప్రోగ్రాం. రాసి మరిచిపోయిన పద్నాలుగో పంక్తి నా కళ్లముందు వెలిగింది. ఒకటి నాది. అయితే రెండోది ఎక్కడిది? నా రెండు వందల పన్నెండు పంక్తుల్లో ఎక్కడో ఇంకో తప్పు ఉందన్నమాట. హిమజ నావైపు చూస్తుందనుకున్నాను. ఆమె నీళ్లవైపు చూస్తోంది.

నేను మాట్లాడలేదు. దీన్ని చిట్టాలో రాయకుండా ఉండలేను గనుక రాస్తున్నాను.

రెండో అర: తొమ్మిది, తెర మీద ఆరు. మూడో అర కూడా అంతే. నాలుగోది ఎనిమిది, తెర మీద ఐదు. ప్రతి అర దగ్గరా "మూడు తేడా" అని చెప్పి రాసుకున్నాను, ఏదో వాతావరణం రాసుకుంటున్నట్టు. గోడ మీది ప్రకటన గుర్తొస్తూనే ఉంది. చదువులేనివాడికి అప్పగిస్తే ఇలాగే ఉంటుందని ఒడ్డున ఎవరంటారో, వారి పేర్లతో సహా ఒక జాబితా మనసులో తయారైపోయింది.

ఆరో అరకు వెళ్లేదారి 96 పక్కనుంచే. బాతులు నీళ్లలోకి దిగి మా పడవ వెంట వచ్చాయి. నూకరత్నం గారు తెడ్డు ఆపకుండా, "ఇంటికి పొండే, పొండి, నేనొత్తాను," అని వాటిని తోలారు.

ఎనిమిదో అర దగ్గర కూడా ఎనిమిదీ ఐదూ అయ్యాక చెప్పాను.

"పిన్నిగారూ, ప్రతి అరకూ ఒకటి నేను తగ్గించాను. ప్రోగ్రాంలో రాశాను. పద్నాలుగో పంక్తి. పాడైనవి ఉంటాయని."

ఆమె తెడ్డు పడవలో పెట్టారు. "చూడకుండానే తగ్గించేవా?"

"చూడకుండానే."

"ఎప్పుడు?"

"రెంటినీ కలిపిన రోజునే. ఇందాక మొదటి అర దగ్గరే గుర్తొచ్చింది. ఇప్పుడు చెబుతున్నాను."

"ఎనిమిది అరలు తిప్పేవు బాబూ," అన్నారామె. కోపంగా అనలేదు. అందుకే తలెత్తలేకపోయాను. "అయితే ఇంకో నాలుగు పెట్టెలు. 97 దాకా." 96 అందులోకి వస్తుంది.

"ఇంకొకటి మిగిలి ఉందండి," అన్నాను. "మూడు తేడాలో ఒకటి మీది, ఒకటి నాది. మూడోది కూడా నా ప్రోగ్రాంలోనే ఎక్కడో ఉంటుంది, ఈ రోజు వెతుకుతాను."

"వెతక్కండి," అంది హిమజ.

ఆమె చెవులు ఎర్రగా అయ్యాయి. "గీతలో ఒక అమరిక ఉంటుందండీ. ప్రతి అరలో ఒకటి ముట్టుకోకుండా ఉంచమని పెట్టుకోవచ్చు. నేను పెట్టాను. మా అమ్మ చింతపండు జాడీ దగ్గర నుంచీ అలాగే నేర్పింది. మొదటి అర దగ్గరే నాక్కూడా తెలిసిందండీ. తప్పంతా నాదేననుకుని..."

"నువ్వూ ఎనిమిది అరలు తిప్పేవా!" అన్నారు నూకరత్నం గారు.

తరవాత ఆమె నవ్వడం మొదలుపెట్టారు. పడవ ఊగేంత నవ్వారు. "నేనొకటి, ఈయనొకటి, నువ్వొకటి! ముగ్గురం కలిసి ఊరినే దాచేసేం కదే! ఇంకా నయం, ఇంకో నలుగురు చదువుకున్నోళ్లుంటే మనకి సరుకే లేదనేవోళ్లం!"

మొత్తం డెబ్భై ఒకటి. కావలసినవి అరవై ఎనిమిది. మూడు మిగులు. హిమజ పడవలోనే తన అమరికను తీసేసింది. నేను పద్నాలుగో పంక్తిని కొట్టేసి, పుస్తకంలో లేని ఎనిమిదింటినీ పట్టికలోకి ఎక్కించాను. తెర మీద 90 నుంచి 100 వరకు ఒక్కొక్కటే పచ్చబడింది. 96 వంతు వచ్చినప్పుడు నూకరత్నం గారు కొంగుతో పలక తుడిచి మళ్లీ చూశారు.

నమోదు 8. గడువు రోజు, ఆ తరవాతి రెండు రోజులు.

కథ అంతటితో ముగియలేదు. పదకొండు పెట్టెలకు రేకులు కత్తిరించడం నాలుగు రోజులు ఆలస్యమైంది. ఊరంతా చేయివేసింది, ఈరన్న కాకరపాదును మళ్లీ నాటి, తీగ చివరలు ఒలవడానికి వచ్చాడు. అయినా మధ్యాహ్నానికి ముప్ఫై రెండే బిగించగలిగాము. 99, 100 మిగిలాయి. వాటికి ఒక రోజు పని, తక్కువలో తక్కువ.

వీరభద్రం గారి దగ్గరకు వెళ్లి జరిగినదంతా పూర్తిగా చెప్పాను. రెండు పంట్లను లాగుపడవలు తీసుకుపోతే ఆ బాధ్యత నాదని రాతపూర్వకంగా ఇచ్చాను. ఆయన కాగితం చదవలేదు. గోడవైపు తిరిగి దగ్గారు.

"లాగుపడవలు ఇయ్యాళ రావు."

"గడువు ఈ రోజే కదండీ?"

"నేను చెప్పింది ఈ రోజు. రేవోళ్లు రాసింది ఎల్లుండి." సొరుగులోంచి ఉత్తరం తీసి చూపారు. "ఇలా చూడకయ్యా. తుఫాను కాలంలో రెండు రోజులు చేతిలో ఉంచుకోపోతే నేనేం అధ్యక్షుణ్ని?"

హిమజ కిటికీ అవతలి నుంచి వింటోంది. ఆమె నవ్వుకు ఆయన చెవులు మూసుకున్నారు, దూది లేదు.

మరునాడు సాయంత్రం ఐదింటికి నూరో పంటు పెట్టె బిగించాము. లాగుపడవలు ఆ తరవాతి రోజు వచ్చి, ముప్ఫై నాలుగు పెట్టెలనూ తనిఖీ చేసి, ఉత్త చేతులతో వెళ్లాయి. ఉత్త చేతులనడం తప్పు. బాతు గుడ్లు పట్టుకెళ్లారు.

నమోదు 9. గడువు తరవాత 11వ రోజు.

ఉదయం తొమ్మిదిన్నరకు మొదటి పెద్ద అల వచ్చింది. నేను 96 మీద ఉన్నాను. పెట్టె తలుపు తీసి లోపలికి చూస్తూ కూర్చోవడం నా విధి కాదు, అయినా కూర్చున్నాను. పంటు లేచింది. కాళ్ల కింద నేల ఎక్కుతున్నట్టుంది. పెట్టెలో ఎడమవైపు కాంటాక్టరు టక్కుమంది. గొలుసు గరగరా వదులైంది. అల దిగింది, కుడివైపుది టక్కుమంది; గొలుసు బిగుసుకుంది. పక్క పంటు మీద టక్. దాని పక్కన టక్. అల వరస వెంట పోతున్నకొద్దీ ఆ చప్పుడు కూడా దానితో నడిచి నూరో పంటు దాకా వెళ్లింది.

"ఇప్పుడు చెప్పండి, టక్కుమనేది అని రాయడంలో తప్పేముంది?" అన్నారు నూకరత్నం గారు. బాతులన్నిటినీ వంటగదిలో పెట్టి తలుపు దగ్గర కూర్చున్నారామె.

మధ్యాహ్నం రెండుకు గాలి తగ్గింది. ఒక్క చక్రాన్నీ ఎవరూ చేత్తో తిప్పలేదు. ఒక్క చేయీ విరగలేదు. వంటగది తలుపు తీయగా బాతులు వరసగా బయటకు వచ్చాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను.

పదిహేను.

ఆమె వంక చూశాను. ఆమె సముద్రం వంక చూశారు.

నమోదు 10. ఆఖరి నమోదు.

పట్టికలో కొత్త గడి చేర్చాము. దాని పేరు తుఫాను వాటా. ఎవరు ఎంత దాచుకున్నా సరే, దాచినది ఆ గడిలో ఉండాలి. గీత దాన్ని ముట్టుకోదు, కానీ చూడగలదు. నూకరత్నం గారి ఉద్యోగాన్ని తీసేసే ప్రస్తావన ఎవరూ తేలేదు. గోనెపట్టాల వెనక ఏమేముందో చెప్పగలిగింది ఆమె ఒక్కరే గనుక కొత్త గడిని నింపే అధికారం ఆమెకే ఇచ్చారు. తాళాలు నడుముకే ఉన్నాయి.

సంగతి తెలిసి ఊరివాళ్లు మంచాల కిందవీ, బియ్యం డబ్బాల్లోవీ పట్టుకొచ్చారు. కొత్త గడిలోకి ఇప్పటికి వెయ్యిన్ని తొమ్మిది వందల పన్నెండు భాగాలు చేరాయి. నాలుగు కాంటాక్టర్లు వీరభద్రం గారి పరుపు కింద నుంచి వచ్చాయి. ఆయన వాటిని తెచ్చిన సంచీని నేను చూడనట్టు నటించాను, కానీ రాశాను.

ఊళ్లో ఒక కొత్త మాట పుట్టింది. ఎవరైనా ఏదైనా సంఖ్య చెబితే అవతలివారు వెంటనే, "వాటా ఎంత?" అని అడుగుతున్నారు. పొద్దున తొట్టెలో నీరు తొమ్మిది గీతలుందని చెప్పాను. మాణిక్యం తల తిప్పకుండానే, "వాటా ఎంత?" అంది. ఒకటని ఒప్పుకున్నాను. తరవాత గిన్నెలో ఇడ్లీలు ఎన్ని ఉన్నాయని నేనడిగాను. ఆరంది. వాటా ఎంతని అడిగితే మూత తీసి ఇంకో రెండు పెట్టింది.

గోడ మీది ఖచ్చితత్వం ప్రకటనను నేనే తీసేద్దామని వెళ్లాను. ఎవరో నాకంటే ముందే దాని కింద పెన్సిలుతో 'వాటా పోను' అని రాశారు. బాతు ఈకతో గీసినట్టున్న ఆ అక్షరాలు ఎవరివో నాకు తెలుసు. తీయకుండా వచ్చాను.

ఈ చిట్టాను సంఘానికి అప్పగించే ముందు మొదటి నుంచి చదివి సరిచూశాను. అంకెలన్నీ సరిపోయాయి, ఒక్కటి తప్ప. మొదటి పేజీలో నా వయసు నలభై ఐదని రాశాను.

నలభై ఆరు. దిద్దడమైనది.